ఎవరు కట్టిన గోడ? తిరుపతి స్త్రీవాదంలో రెండు తరాల తగువు

మార్చి 8 వస్తే తిరుపతిలో మీటింగులకు కొదవుండదు. యూనివర్సిటీ ఆడిటోరియంలో ఒకటి, ఉద్యోగ సంఘం హాల్లో ఒకటి, మహిళా సంఘాలది ఇంకొకటి. వేదిక మీద యాభై, అరవై దాటినవాళ్లు కూర్చుంటారు. కింద కాలేజీ బస్సుల్లో తీసుకొచ్చి కూర్చోబెట్టిన అమ్మాయిలుంటారు. సభ అయ్యాక టీ దగ్గర ఒక మాట వినబడుతుంది: “ఈ పిల్లలకు అన్నీ అమర్చినట్టు దొరికాయి, కొట్లాడటమంటే ఏందో తెలీదు.” బయట స్కూటీల దగ్గర ఇంకో మాట: “మేడమ్ వాళ్లు ఇంకా వరకట్నం దగ్గరే ఆగిపోయారు.”

దీన్ని అత్తాకోడళ్ల కొట్లాటగా చెప్పుకోవడం అందరికీ సులువు. ఆడదానికి ఆడదే శత్రువు అని తేల్చేసి హాయిగా కూర్చునేవాళ్లకు మరీ సులువు. కానీ ఈ తగువు వయసు వల్ల వచ్చింది కాదు. పాత తరం కొన్నిటిని కొట్లాడి తెచ్చుకుంది. చట్టం, కమిటీ, ఆడపిల్లలకు కాలేజీ, హాస్టల్ అలా వచ్చినవే. కొత్త తరం వాటి లోపలే పెరిగింది. తెచ్చినవాళ్లకు అవి లేని రోజులు గుర్తున్నాయి. లోపల ఉన్నవాళ్లకు ఏ తలుపు బిగుసుకుపోయిందో తెలుసు. ఇద్దరూ చూస్తున్నది ఒకదాన్నే. ఒకరికది గెలుపు, ఇంకొకరికి అడ్డం. ఇక్కడ జరిగే వాదనల్లో ముప్పాతిక భాగం ఇందులోంచి పుట్టినవే.

ఆడపిల్లల చదువు సంగతే చూడండి. 1952లో టీటీడీ పద్మావతి మహిళా కళాశాల పెట్టింది. 1954లో శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ వచ్చింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది. ఉమ్మడి రాష్ట్రంలో ఆడవాళ్ల కోసమే ఉన్న రాష్ట్ర యూనివర్సిటీ అదొక్కటే. హైదరాబాద్ కోఠి మహిళా కళాశాల యూనివర్సిటీ అయ్యింది 2022లోనే. ఊళ్లో ఎస్వీయూ ఉండగా ఇంకోటి ఎందుకన్న ప్రశ్నకు జవాబు క్యాంపస్‌లో దొరకదు. అది పుంగనూరు, పలమనేరు, పీలేరు వైపు ఇళ్లలో ఉంది. డిగ్రీ అయిన కూతుర్ని మగపిల్లలున్న చోటికి పంపేది లేదని మొండికేసిన నాయన, అక్కడ అంతా ఆడపిల్లలేనంట, చుట్టూ గోడంట, హాస్టల్లో వార్డెన్ ఉంటుందంట అంటే కాస్త మెత్తబడేవాడు. దానికి తోడు అది స్వామి ఊరు, పెట్టింది అమ్మవారి పేరు. ఆ గోడ లేకపోతే ఆ తరంలో చాలామందికి ఎమ్మే, ఎమ్మెస్సీ అందేవి కావు. ఇవాళ కాలేజీల్లో, బ్యాంకుల్లో, ప్రభుత్వ ఆఫీసుల్లో రిటైర్మెంటుకు దగ్గరపడిన ఎందరో ఆ గోడ చాటున చదువుకున్నవాళ్లే. గోడను తక్కువ చేసి మాట్లాడితే వాళ్లకు చివుక్కుమంటుంది. అనదా మరి?

ఇప్పుడు ఊళ్లో ఏదో ఒక లేడీస్ హాస్టల్ గేటు దగ్గర ఓ సాయంత్రం నిలబడితే రెండో సగం కనబడుతుంది. స్టూలు మీద పొడుగాటి రిజిస్టర్, దానికి దారంతో కట్టిన పెన్ను. పేరు, రూమ్ నంబరు, ఎక్కడికి, ఎవరితో, పోయిన టైమ్, వచ్చిన టైమ్, సంతకం. ఊరెళ్లాలంటే ఔట్‌పాస్ వేరే. ఇంటికి ఫోన్ చేసి అమ్మో నాన్నో సరేనంటే తప్ప దాని మీద వార్డెన్ సంతకం పడదు. ఓటు వేసిన మనిషి, పీజీ చదువుతున్న మనిషి, ఎయిర్ బైపాస్ రోడ్డులో కోచింగ్ క్లాసు లేటయ్యి గేటు పడ్డాక వస్తే సంజాయిషీ రాసివ్వాలి. ‘ఎవరితో’ అన్న కాలమ్‌లో అందరూ రాసేది ఒక్కటే, ‘ఫ్రెండ్’. ఆ మాటలో ఎంత నిజముందో రాసే అమ్మాయికీ తెలుసు, చదివే వాచ్‌మన్‌కూ తెలుసు.

ఢిల్లీలో 2015లో ‘పింజ్రా తోడ్’ (పంజరాన్ని విరగ్గొట్టు) అనే విద్యార్థినుల ఉద్యమం మొదలైంది ఈ గేటు మీదే. లైంగిక వేధింపుల నివారణకు యూజీసీ తెచ్చిన 2015 నిబంధనల్లో కూడా ఒక మాట చేరింది: రక్షణ పేరు చెప్పి, మగపిల్లలకు లేని ఆంక్షల్ని ఆడపిల్లల హాస్టళ్లలో పెట్టకూడదు. మంచిదే. కానీ మగపిల్లలతో పోల్చి చూడమంటోంది నిబంధన. మగపిల్లలే లేని క్యాంపస్‌లో దేంతో పోలుస్తారు? ఆడపిల్లలకు ప్రత్యేకంగా కట్టిన చోటనే వాళ్లకు సమానత్వాన్ని కొలుచుకునే కొలబద్ద లేకుండా పోయింది. 1983లో ఇలాంటి చిక్కొస్తుందని ఎవరనుకుంటారు?

వార్డెన్ల వైపు వాదన తీసిపారేసేది కాదు. ఒక్క పిల్లకు ఏమన్నా జరిగితే ఆ చుట్టుపక్కల ఐదూళ్ల పిల్లల చదువు ఆగిపోతుందని వాళ్లు కళ్లారా చూశారు. ఆ భయానికి ఒకప్పుడు ఆధారం ఉంది. ఇప్పుడు కూడా అంతే ఉందా అంటే ఒప్పుకోవడం కష్టం. అదే తల్లిదండ్రులు అదే పిల్లను రేపు చెన్నై, బెంగళూరు కంపెనీకి పంపుతున్నారు, అక్కడ ఆమె ఎన్నింటికి గదికి చేరిందో అడిగే రిజిస్టరే లేదు. ఈ ఊళ్లోనే 2015 నుంచి ఐఐటీ, సైన్సు చదువుల సంస్థ ఐసర్ నడుస్తున్నాయి, అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే ల్యాబులో కూర్చుంటున్నారు. గేటు ఇంకా పెందరాళే పడుతోందంటే అందులో రక్షణ కొంత, హాస్టల్ నడిపేవాళ్ల సౌకర్యం ఎక్కువ. దాన్ని కూడా పోరాట వారసత్వమని సమర్థించడం దగ్గరే పెద్దవాళ్లు పిల్లల దగ్గర మాట పోగొట్టుకుంటున్నారు.

రెండో తగువు లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే కమిటీ మీద. ఇది మొదటిదానికంటే లోతైంది.

రాజస్థాన్‌లో ప్రభుత్వ కార్యక్రమంలో పనిచేసే భన్వరీ దేవి ఒక బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆ తర్వాత మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి, పనిచేసే చోట లైంగిక వేధింపుల్ని ఆపడానికి మార్గదర్శకాలు పెట్టిన విశాఖ తీర్పు 1997లో వచ్చింది. దాన్ని చట్టం చేయడానికి పార్లమెంటుకు ఇంకో పదహారేళ్లు పట్టింది. పనిచేసే చోట లైంగిక వేధింపుల చట్టం 2013లో గానీ రాలేదు. దానికి ముందు కథ కూడా తక్కువ పొడుగేమీ కాదు. 1978లో హైదరాబాద్‌లో పోలీసుల మీద అత్యాచార ఆరోపణ వచ్చిన రమీజాబీ కేసు, అదే ఏడాది, స్టేషన్‌లో అత్యాచారానికి గురైన ఆదివాసీ అమ్మాయి మథుర కేసులో పోలీసుల్ని వదిలేసిన సుప్రీంకోర్టు తీర్పు, వాటి మీద దేశమంతా లేచిన ఆందోళన, 1983లో అత్యాచార చట్టానికి సవరణ, అదే ఏడాది భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం మీద 498ఏ సెక్షన్. ఒక్కో సెక్షన్ వెనక ఏళ్ల తరబడి సంతకాల సేకరణ, ధర్నా, కోర్టు వాయిదా ఉన్నాయి. పాత తరానికి ‘కమిటీ’ అంటే ఆ కష్టమంతా గుర్తుకొస్తుంది.

కాలేజీ వరండాలో నోటీసు బోర్డు పక్కన ఫ్లెక్సీ మీద అంతర్గత ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లుంటాయి. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా ఆ కమిటీ ఉండాలి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆరు కాపీలు. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి, తగిన కారణముంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. విచారణ తొంభై రోజుల్లో ముగించాలి. కమిటీలో బయటి సభ్యురాలు ఒకరుండాలి. ఊళ్లో ఏళ్ల తరబడి మహిళా సంఘంలో పనిచేసిన మనిషికో, లాయర్‌కో ఆ పని పడుతుంది. విచారణ జరిగిన రోజుకు ఆమెకిచ్చే భత్యం, రూల్స్ ప్రకారం, 200 రూపాయలు. డబ్బు కోసం ఎవరూ ఆ కుర్చీలో కూర్చోరని చెప్పడానికే ఈ లెక్క.

ఇప్పుడు ఆ గదిలోకి ఒక రీసెర్చ్ స్కాలర్ వచ్చింది అనుకుందాం. ఫిర్యాదు గైడ్ మీద. బయటి సభ్యురాలు అడిగే మొదటి ప్రశ్న, “తేదీ గుర్తుందా అమ్మా?” తేదీ లేక కేసు కొట్టుకుపోయిన సందర్భాలు ఆమె ఎన్నో చూసింది. ఈ పిల్ల కేసైనా నిలబడాలని అడిగింది. పిల్లకు మాత్రం ఆ ప్రశ్న ‘నిన్ను నమ్మట్లేదు’ అన్నట్టు వినిపించింది. ఒకరోజు జరిగిన సంగతయితే తేదీ చెప్పొచ్చు, రెండేళ్లుగా రోజూ కాస్త కాస్త జరిగినదానికి ఏ తేదీ చెప్పాలి? థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. కమిటీలో ఉన్న ఇంకో మేడమ్ ఆయనతో రోజూ క్యాంటీన్‌లో కాఫీ తాగే మనిషి. దురుద్దేశంతో తప్పుడు ఫిర్యాదు ఇస్తే చర్య తీసుకుంటారని చట్టంలోనే ఉంది, ఆ లైను ఫ్లెక్సీ మీద కూడా ఉంది. చిన్న ఊళ్లో పేరు గుట్టుగా ఉంటుందని ఎవరు నమ్ముతారు? విద్యార్థుల కేసుల్లో ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కూడా కమిటీలో కూర్చోవాలని యూజీసీ నిబంధన చెబుతోంది. ఆ ఎన్నిక ఎప్పుడు జరిగిందని అడిగితే చాలా క్యాంపస్‌లలో పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

2017 అక్టోబరులో ఇదే పోట్లాట దేశం మొత్తం ముందు జరిగింది. అమెరికాలో న్యాయశాస్త్రం చదువుతున్న రాయా సర్కార్ ఫేస్‌బుక్‌లో ఒక జాబితా పెట్టారు, లైంగిక వేధింపుల ఆరోపణలున్న భారతీయ అధ్యాపకుల పేర్లతో. పేర్లు యాభై, అరవై దాటిపోయాయి. చెప్పినవాళ్లెవరో లేదు, ఏం చేశారో చాలా పేర్ల పక్కన లేదు. నివేదితా మీనన్, కవితా కృష్ణన్ వంటి సీనియర్ ఫెమినిస్టులు కొందరు కలిసి, ఆ జాబితాను వెనక్కి తీసుకోండి, సరైన పద్ధతిలో ఫిర్యాదు చేయండి, మేం వెంట ఉంటాం అని ప్రకటన ఇచ్చారు. అంతే, భగ్గుమంది. సరైన పద్ధతి మాకేం ఒరగబెట్టిందని కొత్త తరం అడిగింది. జాబితాలో ఉన్నవాళ్లలో కొందరు మీ స్నేహితులే కదా అని కూడా అడిగింది. భన్వరీ దేవి కేసులో 1995లో కింది కోర్టు నిందితుల్ని అత్యాచారం నేరం నుంచి వదిలేసిన సంగతిని ఇక్కడ పక్కన పెట్టలేం. ఆమె పేరు మీద దేశానికి తీర్పు వచ్చింది గానీ ఆమెకు మాత్రం రాలేదు. పిల్లలు ‘పద్ధతి’ని నమ్మకపోవడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పెద్దవాళ్ల వాదనలో బలం లేదని కాదు. అసభ్యంగా మెసేజ్ పెట్టినవాడూ, అత్యాచారం చేసినవాడూ ఒకే వరసలో ఒకే అక్షరాల్లో కనిపిస్తే నష్టపోయేది చివరికి ఫిర్యాదు చేసినవాళ్లే. స్క్రీన్‌షాట్‌తో మగవాణ్ణి నిలదీయొచ్చు. అదే స్క్రీన్‌షాట్‌తో, మార్ఫింగ్ ఫొటోతో అమ్మాయి పరువు తీసే ఆట ఈ ఊళ్లలో అంతకంటే ఎక్కువ నడుస్తోంది. అజ్ఞాతం ఎవరి చేతికి దొరికితే వాళ్ల ఆయుధం.

అయితే పాత తరం తన సొంత చరిత్రలో ఒక పేజీని తొందరగా తిప్పేస్తోంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం చిత్తూరు జిల్లాకూ పాకింది. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు ఆనాటి నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేట, వెంకటగిరి వైపు ఊళ్లు ఇందులో కలిశాయి కాబట్టి ఆ ఉద్యమ భూమిలో కొంత ఇప్పుడు ఈ జిల్లాదే. ఆ రోజుల్లో ఆడవాళ్లు ఏ కమిటీకి ఆరు కాపీలు ఇచ్చారు? చీపుర్లు, కారంపొడి పట్టుకుని సారా ప్యాకెట్లు లాక్కుని కాల్చారు, వేలంపాటల్ని అడ్డుకున్నారు, తాగొచ్చిన మగవాళ్లకు గుండు గీయించారు. నలుగురిలో పేరు పెట్టి సిగ్గు తీయడమే వాళ్ల పద్ధతి. అది చట్టంగా మారింది ఆ తర్వాతే: 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దానికి నీళ్లొదిలేయడం. మొదట వీధి, తర్వాత చట్టం, ఆపైన చట్టాన్ని ప్రభుత్వమే మింగేయడం. ఇదంతా దగ్గరుండి చూసినవాళ్లు పిల్లలకు పద్ధతి పాఠం చెప్పేటప్పుడు కాస్త తడబడాలి.

పెద్దవాళ్లంటే నిదానం, పిల్లలంటే తిరుగుబాటు అన్న లెక్క 2019 డిసెంబరులో పూర్తిగా తిరగబడింది. హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలి హత్యాచారం తర్వాత, డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు. పోలీసుల మీద పూలు చల్లారు, కాలేజీ అమ్మాయిలు బస్సుల్లోంచి కేకలేసి చప్పట్లు కొట్టారు. మా పేరు చెప్పి చంపొద్దని హైకోర్టు తలుపు తట్టినవాళ్లు సీనియర్ మహిళా కార్యకర్తలు. బూటకపు ఎన్‌కౌంటర్లు, పౌరహక్కుల పోరాటాలు చూసిన తరం అది. 2007లో విశాఖ మన్యంలోని వాకపల్లిలో తమపై గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని పదకొండు మంది ఆదివాసీ స్త్రీలు చెబితే ఏమైందో వాళ్లకు తెలుసు. ఆ కేసులో పోలీసులు 2023లో నిర్దోషులుగా బయటికొచ్చారు. చటాన్‌పల్లి కాల్పులు చంపాలనే ఉద్దేశంతో చేసినవేనని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటపడింది. కానీ 2019 డిసెంబరులో తిరుపతి కాలేజీల్లో ఈ మాట అంటే, “మీ ఇంట్లో పిల్లయితే ఇట్లే మాట్లాడతారా మేడమ్?” అన్న ప్రశ్న ఎదురొచ్చేది. అదే నెల 13న మన అసెంబ్లీ అత్యాచార కేసుల్లో ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు అంటూ దిశ బిల్లు పాస్ చేసింది. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. అమ్మాయిలు చప్పట్లు కొట్టడాన్ని అమాయకత్వమని కొట్టేయడం తప్పు. కమిటీ పనిచేయదు, కోర్టు పనిచేయదు అని నమ్మినవాళ్లకు మిగిలేవి రెండే, జాబితా లేదా తుపాకీ. జాబితా పెట్టినవాళ్లు, పూలు చల్లినవాళ్లు వేర్వేరు మనుషులే కావచ్చు. ఇద్దరిలో కనిపించేది మాత్రం ఒకే నిరాశ.

బట్టలు, భాష, శరీరం మీద నడిచే వాదన గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. రీల్స్‌లో పీరియడ్స్ గురించి, కోరికల గురించి మాట్లాడే అమ్మాయిల్ని చూసి ‘ఇదా స్త్రీవాదం’ అని మొహం చిట్లించే పెద్దలు, 1980ల చివర్లో పైట గురించి, ప్రసవం గురించి రాసిన కవయిత్రుల్ని ‘నీలి కవిత్వం’ అని అప్పట్లో లోకం ఎంత ఆడిపోసుకుందో గుర్తు చేసుకుంటే చాలు. గంగమ్మ జాతర సంగతి మాత్రం ఆసక్తికరం. ఆడవాళ్ల మీద పడే పాలెగాణ్ణి వేషాలు మార్చి మార్చి వెతికి చంపిన అమ్మ కథ అది. తాతయ్యగుంట జాతరలో మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని మొక్కు తీర్చుకుంటారు, బూతులు తిట్టడం కూడా ఆచారంలో భాగమే. హేతువాదం నుంచి స్త్రీవాదంలోకి వచ్చిన పెద్దలు దీన్ని మూఢనమ్మకాల ఖాతాలో వేసి పక్కన పెట్టారు. ఇప్పటి పిల్లలు కొందరు ఆ వేషాల్లో ఆడ మగ గీత చెరిగిపోవడం చూస్తున్నారు, ట్రాన్స్ స్నేహితులతో కలిసి జాతరకు వెళ్తున్నారు. ఇక్కడ పిల్లల చూపే లోతుగా ఉంది.

అమెరికాలో ఈ తగువును అలల లెక్కన చెబుతారు, స్త్రీవాదంలో ఒక్కో తరం ఒక్కో అల. 1992లో రచయిత్రి రెబెకా వాకర్ తనను ‘మూడో అల’ అని చెప్పుకున్నాక ఆ లెక్క స్థిరపడింది. తెలుగునాట ఆ లెక్క కుదరదు. సారా ఉద్యమం, స్త్రీవాద కవిత్వం, ఆస్తి హక్కు సవరణ అన్నీ ఒకే పదేళ్లలో ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పైగా 1980ల స్త్రీవాదులు కూడా ఒకప్పుడు తల ఎగరేసిన పిల్లలే. వర్గపోరాటాన్ని చీలుస్తున్నారని వామపక్ష పెద్దల చేత మాట పడ్డవాళ్లే. హైదరాబాద్‌లోని స్త్రీవాద బృందం స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల మాటల్ని 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చేశారు. పోరాటం ఆగాక ఇంటికి పొమ్మన్నారన్న బాధ ఆ పుస్తకం నిండా ఉంది. పిల్లలు అడిగారు, పెద్దలు దాచకుండా చెప్పారు. తిరుపతి, చిత్తూరు మహిళా సంఘాల తొలి రోజుల గురించి అలా కూర్చుని అడిగే పని ఇక్కడ ఎవరైనా పెట్టుకుంటే బాగుండు. రిటైర్మెంటు సన్మానాల్లో శాలువా కప్పితే ఆ పని అయిపోదు.

తరం అన్న మాట ఎంత మోసగిస్తుందో కులం దగ్గర తెలుస్తుంది. 1995లో జాతీయ దళిత మహిళా సమాఖ్య ఏర్పడింది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల రచనల సంకలనం ‘నల్లపొద్దు’ వచ్చింది. మీరు ‘స్త్రీ’ అంటే మేం అందులో ఎక్కడున్నామని అడిగినవాళ్లు వయసులో చిన్నవాళ్లేమీ కాదు. అప్పటి ప్రసిద్ధ స్త్రీవాదులకు ఇంచుమించు ఈడువాళ్లే. ఇప్పటి దళిత బహుజన అమ్మాయిలు ఇన్‌స్టాలో అడుగుతున్నది అదే ప్రశ్న. చిత్తూరు జిల్లాలో ఈ ప్రశ్నకు ఒక పేరుంది, మాతమ్మ. మాదిగ ఇళ్లలో జబ్బు చేసిన ఆడపిల్లను అమ్మవారికి వదిలే ఆచారం. ఆ తర్వాత ఆమెను ఊళ్లో మగవాళ్లు ఎలా వాడుకుంటారో అందరికీ తెలిసిన సంగతే. దేవదాసీ నిషేధ చట్టం 1988లోనే వచ్చింది. 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ దీని మీద నోటీసులివ్వాల్సి వచ్చిందంటే చట్టం ఎంత దూరం నడిచిందో ఊహించుకోవచ్చు. మార్చి 8 వేదికల మీద మాతమ్మల మాట అరుదు. అమ్మాయిల పోస్టుల్లో అంతకంటే అరుదు. ఈ ఒక్క విషయంలో రెండు తరాలకూ గొప్ప ఐకమత్యం.

ఈ రెండు తరాల మధ్య ఇంకో మనిషి ఉంది, ఆమెను ఏ పక్కనా లెక్కేయరు. అమ్మ. స్త్రీవాదం అన్న మాట ఆమె ఎప్పుడూ వాడలేదు. 2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో పేదరిక నిర్మూలన పథకం మొదలైనప్పుడు తొలి ఆరు జిల్లాల్లో చిత్తూరు ఒకటి. ‘వెలుగు’ పేరుతో పొదుపు సంఘాలు పల్లెపల్లెకూ పాకాయి. నెల నెలా సంఘం మీటింగు, పాస్‌బుక్, లీడరమ్మ, బ్యాంకులో గ్రూపు ఫొటో, కంతు కట్టాల్సిన తేదీ. డ్వాక్రా లోను ఆవు కోసం అని రాయించుకుని కూతురి ఇంజనీరింగ్ హాస్టల్ ఫీజు కట్టిన తల్లులు ఈ జిల్లాల్లో తక్కువేం కాదు. “నువ్వు చదువుకోవే, కంతులు నేను చూసుకుంటా” అన్న మనిషి కట్టిన ఫీజుతో చదివిన పిల్ల ఇవాళ ‘టాక్సిక్’, ‘బౌండరీస్’, ‘కన్సెంట్’ అని మాట్లాడుతోంది. మాట్లాడాలి కూడా. కానీ ఆ పిల్ల ఇంటికొస్తే తిన్న కంచం ఎవరు కడుగుతున్నారు?

ఆస్తి దగ్గరకొస్తే అమ్మకూ కూతురికీ ఇద్దరికీ అది దూరమే. 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రం ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కిచ్చింది, కేంద్రం కంటే ఇరవై ఏళ్లు ముందే. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు లేదు. 2005లో కేంద్ర సవరణతో ఆ అడ్డం పోయింది, 2020లో సుప్రీంకోర్టు మిగిలిన అనుమానాలు తీర్చింది. చట్టం వరకూ బాగానే ఉంది. రేణిగుంట, చంద్రగిరి చుట్టూ ఎకరం ధర ఎక్కడికో పోయాక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అన్నదమ్ములకు హక్కు వదులుకుంటూ వేలిముద్ర వేసేదీ, సంతకం పెట్టేదీ ఇంకా ఆడపడుచులే. అడిగితే, పుట్టింటి గడప తొక్కనివ్వరమ్మా అంటారు. పాత తరం ఈ హక్కును సాధించి ఊపిరి పీల్చుకుంది. కొత్త తరానికి ఇది బోరు కొట్టే విషయం, అన్న ఏమనుకుంటాడో అనే మొహమాటం కూడా.

తడ పక్కన శ్రీసిటీకి తెల్లారుజామున బయల్దేరే కంపెనీ బస్సుల్లో కూర్చునేది ఆ అమ్మల ఇంకో కూతుళ్లు. మొబైల్ ఫోన్లు బిగించే లైన్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. ఇంటర్, డిప్లొమా, డిగ్రీ చదివి వచ్చినవాళ్లు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. 1948 ఫ్యాక్టరీల చట్టం రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు ఆడవాళ్లతో పని చేయించకూడదంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఆ ఆంక్షను సడలించి, సమ్మతి తీసుకుని, రవాణా, భద్రత ఏర్పాటు చేసి రాత్రి షిఫ్టులో పెట్టుకోవచ్చంది. హాస్టల్ గేటు మీద కోపంగా ఉన్న అమ్మాయికి ఇది గెలుపులా కనిపించాలి. రాత్రి మాది కూడా అన్నదే కదా ఆమె వాదన. కార్మిక సంఘాల్లో తల నెరిసిన ఆడవాళ్లకు ఇది ఓటమి. అదే సడలింపుల్లో రోజు పని పది గంటలకు పెరగడం వాళ్లు చూశారు. ఇద్దరూ కరెక్టే. అందుకే ఇద్దరూ ఒకచోట కూర్చోవాల్సిన సంగతి ఇదొక్కటి కనిపిస్తోంది.

సమ్మతి గురించి కొత్త తరానికి తెలిసినంత ఎవరికీ తెలీదు. పైచేయి ఉన్నవాడు అడిగినప్పుడు ‘సరే’ అన్న మాటకు విలువెంత, వద్దంటే ఏమవుతుందో తెలిసినప్పుడు ‘సరే’ అంటే అర్థమేంటి అని గైడ్‌ల గురించి, సినిమావాళ్ల గురించి వాళ్లు పదేళ్లుగా వాదిస్తున్నారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కరపత్రం ఎలా పంచాలో, లేబర్ ఆఫీసర్‌కు ఏ సెక్షన్ కింద అర్జీ రాయాలో పాత తరానికి తెలుసు. సూళ్లూరుపేటలో అద్దె గదిలో నలుగురితో ఉంటూ, నెలకు ఇంత అని అమ్మ గ్రూపు లోను కంతుకు పంపే పిల్ల ముందు హెచ్‌ఆర్ వాళ్లు ఒక కాగితం పెడతారు, రాత్రి షిఫ్టుకు నాకు సమ్మతమే అని. సంతకం పెట్టకపోతే వచ్చే నెల ఓవర్‌టైమ్ ఇస్తారా, కాంట్రాక్టు పొడిగిస్తారా అని ఆమె పక్క లైను అమ్మాయిని అడుగుతుంది. ఆ అమ్మాయికీ తెలీదు, ఆమె పెట్టేసింది.